కమాను ఎవరి సొత్తు?

తిరుమలేశుని దర్శించి మరలు యాత్రికులలో పెక్కుమంది చంద్రగిరి త్రోవ త్రొక్కరు. తిరుపతికి పదునైదు కిలోమీటరులలోపుననే, కొండయడుగున, విజయనగర ప్రభువుల రాజమహలును, రాణీమహలును నేటికిని నిలిచియున్నవి. మేమొకనాటి యుదయమున నచటికి పోయి రాజమహలు ముంగిట నిలిచి చూచుచుండగా, ఒక వృద్ధ కర్షకుడు కుటుంబసమేతుడై వచ్చి మా ప్రక్క నిలిచెను. మ్రొక్కు తీర్చి వచ్చిన గుండుమీది గంధపుపూత యింకను ఆరలేదు. ఆయన యా కట్టడమును క్రిందినుండి మీదివరకు చాలసేపు పరికించి మావైపు తిరిగి, "ఇది సాయిబులు గట్టినదా సామీ? కమాన్లు సూస్తే మసీదు మాదిరుండాది. పైన సూస్తే గుడి గోపురం మాదిరుండాది" అని యడిగెను.

విజయనగర రాజులు కట్టించినదని మేము చెప్పితిమి. ఆయనకు తృప్తి కలుగలేదు. "గట్టించింది మన రాజులే గానీ సామీ, ఈ కమాను మనదా, వాళ్లదా?" అని మరల నడిగెను.

చదువరులారా, అది యొక పల్లెటూరి యమాయకుని ప్రశ్నయని మేము త్రోసివేయలేకపోతిమి. నేడు సభలలోను, పత్రికలలోను పెద్దలడుగుచున్న ప్రశ్నయు నిదియే. ఏ గోడ యెవరిది, ఏ రాయి గుడిది, ఏ రాయి మసీదుది యను వాదములు న్యాయస్థానముల గడపలెక్కుచున్న దినములివి. ఇట్టి దినములలో ఒక కమాను ముందర నిలిచి, అది యెట్లు నిలిచినదో, ఎచటినుండి వచ్చినదో ఓపికతో తెలిసికొనుట నిష్ప్రయోజనము కాదు. ఆ వృద్ధునకు మేము చెప్పినదియు, చెప్పవలసియుండి యప్పుడు చెప్పలేకపోయినదియు నిచట వ్రాయుచున్నాము.

రాజమహలు మూడంతస్తుల మేడ. రాయి, ఇటుక, సున్నము, ఈ మూడే దాని ద్రవ్యములు. అంత పెద్దకట్టడమున కర్ర వాడలేదు. ముఖభాగమున కమానులు వరుసదీరియుండును. తల యెత్తి చూచితిమా, దేవాలయ విమానములను బోలిన శిఖరములు కనబడును. క్రింద కమాను, మీద శిఖరము. ఈ రెంటికి నడుమ అతుకు ఎచట నున్నదో వెదకినను కనబడదు. 1565లో తాళ్లికోట యుద్ధమున నోడి, హంపీ పాడుపడిన పిదప రాయలవంశమువారు పెనుగొండ చేరిరి. అచటినుండి సుమారు 1592లో వేంకటపతిరాయలు చంద్రగిరికి రాజధానిని మార్చెను. తమ్మోడించిన సుల్తానులమీద ఆ ప్రభువులకు పగ యుండిన నుండవచ్చును. సుల్తానుల దేశపు కమానుమీద మాత్రము వారు పగ పూనినట్లు ఈ కోటలో నెచటను కనబడదు.

కమాను చేయు పని యేమి? మన పూర్వులు గుళ్లు కట్టిన పద్ధతిలో రెండు స్తంభములు నిలిపి, వానిమీద నొక రాతిదూలము పరతురు. రాయి బరువును మోయగలదు గాని వంపును ఓర్వలేదు. దూలము పొడుగైనకొలది నడుమ పగులును. కావుననే మన మంటపములలో స్తంభములు దగ్గరదగ్గరగా నుండును. వేయిస్తంభముల మంటపములు పుట్టుటకు శోభయొక్కటే కారణము కాదు, రాతి స్వభావమును కారణమే. కమానులో నట్లు కాదు. అంచులు చెక్కిన రాళ్లనో, ఇటుకలనో విల్లువలె పేర్చినచో, ఒక్కొక్క రాయి ప్రక్కరాతిని నొక్కి పట్టుకొనును. మీది బరువు హెచ్చినకొలది ఆ పట్టు బిగియును. ఆ బరువు ప్రక్కలకు జారి గోడలగుండ భూమిని చేరును. పొడవైన రాయి లేనిచోట సైతము చిన్నయిటుకలతో విశాలమైన శాలను కప్పవచ్చును. కమాను అను మాటకు పారసీక భాషలో విల్లు అనియే యర్థము.

ఇది మనకు బొత్తిగా తెలియనిదనుట సరికాదు. కాన్పూరు ప్రాంతమున భీతర్‌గావ్ అను గ్రామమున గుప్తుల కాలపు ఇటుకగుడిలోనే కమాను కలదు. కాని మన శిల్పులు దానిని విరివిగా వాడలేదు. పదుమూడవ శతాబ్దిలో ఢిల్లీలో తురుష్కుల రాజ్య మేర్పడిన తరువాతనే యది దేశమంతట వ్యాపించెను. అట్లని యది మహమ్మదీయుల స్వంత సృష్టియును కాదు. అరబ్బులకంటె ముందు రోమనులు కమానులమీద సేతువులు కట్టిరి. పారసీకులు కమానులతో రాజసభలను కప్పిరి. ఇస్లామును స్వీకరించిన దేశములవారు దానిని వారి చేతులనుండి యందుకొని, కొనదేర్చి, తమ మసీదులకు అమర్చుకొనిరి. మనము వారి చేతులనుండి యందుకొంటిమి. ఇట్లు చేతులు మారుచు వచ్చిన సొమ్మునకు ఒక్కని పేర పట్టా వ్రాయుట యెట్లు?

ఇచ్చిపుచ్చుకొనుట యొకవైపునుండియే జరిగినదని తలపరాదు. హంపీలో రెండవ దేవరాయల కొలువున అహమ్మదుఖాను అను మహమ్మదీయ సేనాని యుండెను. అతడు 1439లో నొక మసీదు కట్టించెను. దాని శాసనము కన్నడమున నున్నది. అందు మసీదును ధర్మశాల యని పేర్కొని, ప్రభువునకు పుణ్యము కలుగుటకై కట్టించినట్లు చెప్పబడినది. అంతకంటె విశేష మొకటి కలదు. ఆ మసీదు చూచుటకు మన దేవాలయ మంటపమువలె నుండును. స్తంభములు, వానిపై దూలములు, చదునైన కప్పు. మహమ్మదీయ సేనాని తన ప్రార్థనాశాలను హిందూ శిల్పుల మంటపపు మచ్చున కట్టించుకొనెను. హిందూ రాజు తన మేడను మసీదు కమానులతో కట్టించుకొనెను. హంపీలోని పద్మమహలును, గజశాలలును చూచినవారికి ఈ మాట వివరింప నక్కరలేదు. ఎవరి మతము వారికే యుండెను. చేతిపని మాత్రము ఇద్దరికిని ఉమ్మడి యాస్తియై యుండెను.

చంద్రగిరిలో మహలు చూచినవారికి, ఈ కమానుల పుట్టిల్లయిన మసీదును సైతము చూడవలెనను కోరిక కలుగుట సహజము. రాయలసీమలోనే యందుకు తగిన స్థలమొకటి కలదు. కడప దాటి జమ్మలమడుగు చేరి, అచటినుండి గండికోటకు పోవలెను. పెన్నానది యెర్రని కొండను నిలువునా కోసికొనిపోయిన గండి యొడ్డున పెమ్మసాని నాయకులు పాలించిన కోట యది. లోపల మాధవరాయస్వామి గుడి గోపురమును, జామియా మసీదు మినారులును కూతవేటు దూరమున నొండొంటిని చూచుచు నిలిచియున్నవి. మసీదు ప్రక్కనే ధాన్యాగారము కలదు. మేము పోయినపుడు మధ్యాహ్నపుటెండ తీక్ష్ణముగా నుండెను. మసీదు ప్రాంగణమున అడుగిడినంతనే చెప్పులు విడిచి, కమానుల నీడ చేరితిమి.

గుడిని చూచుటకు అలవడిన కన్నులకు మసీదు మొదట శూన్యముగా దోచును. విగ్రహము లేదు, కథ చెప్పు శిల్పము లేదు, ఏనుగులు గుర్రములు లేవు. మసీదు అను మాటకు సాష్టాంగపడు చోటనియే యర్థము. మక్కా యుండు పడమటిదిక్కున గోడ, ఆ గోడలో మిహ్రాబు అను గూడు, దాని ప్రక్క ఉపన్యాసకుడు నిలుచు మింబరు, వెలుపల కాలుసేతులు కడుగుకొనుటకు నీరు, ఇంతియే. ఆ గూటిలో నేమియు నుండదు. అది దిక్కును చూపునే గాని దేవుని చూపదు. ఉపనిషత్తుల నిర్గుణోపాసనను పుస్తకములలో చదివిన మాకు, దానిని రాతిలో చూచినట్లు తోచినది.

రూపము చెక్కరాదను నియమము శిల్పిచేతిని కట్టివేసినదని కొందరందురు. మాకట్లు తోచలేదు. రూపము విడిచిన శిల్పి కొలతను పట్టుకొనెను. కమానుకు కమానుకు నడుమ నెడము, ఎత్తునకు వెడల్పునకు పొందిక, ఎండకు నీడకు వరుస, వీనితోనే యతడు మనస్సును నిలువరించెను. మన గుడిలో వెలుగునుండి మంటపమునకు, మంటపమునుండి గర్భాలయపు చీకటికి క్రమముగా పోయి, దీపపు వెలుగున స్వామిని చూతుము. మసీదులో వెలుతురు దాగదు, ప్రాంగణము ఆకాశమునకు తెరచియుండును. పోవు దారులు వేరు. రెండు చోట్లను గడప దాటిన మనుష్యుని గొంతు తనంతట తానే తగ్గును.

గుమ్మటపు సంగతియు నిట్టిదే. క్రింద గది చదరము, మీద గుమ్మటము గుండ్రము. చదరముమీద వృత్తమును నిలుపుట యెట్లు? నాలుగు మూలలందును చిన్నకమానులు వేసి, చదరమును ఎనిమిది పలకలుగా మార్చి, దానిపై వృత్తమును నిలిపిరి. మన శిల్పశాస్త్రములలో నాగర, ద్రావిడ, వేసరములను మూడు పద్ధతులకు చదరము, ఎనిమిదిపలకలు, వృత్తము అను మూడు ఆకారములు చెప్పబడినవి. కావున గుమ్మటము కట్టబూనిన తెలుగు కాసెవానికి ఆ ఆకారములు క్రొత్తవి కావు. కొలతాడు తాతలదే, కట్టు మాత్రము క్రొత్తది. హైదరాబాదున 1591నాటి చార్మినారును, 1617లో నారంభమై 1694లో ముగిసిన మక్కామసీదును చూచి యాశ్చర్యపడు మనము, ఆ విద్యకు మన తాతలచేతుల చెమటయు తోడైనదని మరచుచున్నాము.

ఇచట నొక యాక్షేపణ వచ్చును. దానిని తప్పించుకొని పోవుట పత్రికాధర్మము కాదు. "మీరు కమానుల నీడను పొగడుచున్నారు. హంపీని కాల్చినదెవరు? గుళ్లను కొట్టినదెవరు?" అని యొక మిత్రుడు మమ్మడిగెను. నిజమే. 1650లో గోలకొండ సేనాని మీర్‌జుమ్లా గండికోటను పట్టుకొనెను. రెండేండ్లకు అచటికి వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే, ఫిరంగులు పోతపోయుటకై దేవాలయములనుండి లోహవిగ్రహములను తెప్పించిరని వ్రాసియున్నాడు. ఇది చరిత్ర. దీనిని దాచువాడు మైత్రికి మేలుచేయడు. అట్లే, అళియ రామరాయల సేన అహమ్మదునగరముపై దండెత్తినపుడు మసీదులను పాడుచేసెనని ఫెరిస్తా వ్రాసినదియు చరిత్రయే. విజయము తలకెక్కిన సేనలకు ఏ మతపు రాయియు పూజ్యము కాదు. కాని కూల్చినవాడును, కట్టినవాడును ఒక్కడు కాడు. కూల్చుట సేనానుల యాజ్ఞ. కట్టుట ఉప్పరుల, కాసెవారల, సున్నపుగానుగ త్రిప్పిన కూలీల పని. దండయాత్రలో ఏ పక్షము గెలిచినను, ఆ పనివారు మరునాడు మరల తాపీ చేతబట్టినవారే. వారి పేర్లు ఏ శాసనముననులేవు. వారి పని మాత్రము నిలిచియున్నది. సేనానుల పాపమునకు శిల్పుల పనిని దండించుట న్యాయమా?

చిత్తూరు సీమవారు దూరము పోకయే చూడదగిన మరియొక స్థలము గుర్రంకొండ. చిరకాలము చిత్తూరు జిల్లాలోనుండి 2022నాటి విభజనమున విడివడిన యీ గ్రామము, మదనపల్లికి రాయచోటికి నడుమ బాటప్రక్కన నున్నది. నిట్రముగా లేచిన కొండమీద కోట, కొండపాదమున రంగినీమహలు. కొండమీద నొక గుర్రము కావలియున్నంతకాలము కోట జయింపరానిదై యుండెనని జనులు చెప్పుకొందురు. గుర్రము సంగతి యెట్లున్నను, కోటకొరకు కడప నవాబులు, మహారాష్ట్రులు, మైసూరువారు, నిజాము వంతులవారీగా పెనగులాడిరి. తుదకు 1800లో నిజాము దత్తమండలములతో పాటు దీనిని కుంపిణీవారి కప్పగించెను.

ఇచటనే మీర్ రజా అలీఖాను సమాధియగు మక్బరా కలదు. ఈయన హైదరు అలీకి బావమరిది, టిప్పు సుల్తానునకు మేనమామ. టిప్పు తల్లి కడపకోట కధిపతియై యుండిన మీర్ మొయినుద్దీను కొమార్తె. అనగా ఆంగ్లేయుల నెదిరించి 1799లో శ్రీరంగపట్టణపు కోటగుమ్మమున నేలకొరగిన యా సుల్తానునకు మన రాయలసీమ మేనమామల యిల్లు. హైదరు అలీ 1782 డిసెంబరు 7వ తేదీన ప్రాణములు విడిచినదియు చిత్తూరు చెంతనున్న నరసింగరాయనిపేట దండువిడిదిలోనే. ఈ సంగతులు మన పిల్లల పాఠములలో నెచటను కానము. వరిమళ్ల నడుమ, కొండనీడలో, కమానులతో గుమ్మటముతో నిలిచిన యా మక్బరాను చూచినపుడు, ఇది యెవరో పరదేశి విడిచిపోయిన కట్టడము కాదనియు, ఈ నేల బంధువర్గమున నొకని విశ్రాంతిస్థలమనియు మాకు తోచినది.

బంధుత్వ మను మాటను మేము పొగడ్తకై వాడలేదు. తిరుమలకు తొలిగడప యని పేరుగన్న దేవునికడపలో ఉగాదినాడు లక్ష్మీవేంకటేశ్వరుని సన్నిధికి మహమ్మదీయ కుటుంబములు వచ్చుటను మనమందర మెరుగుదుము. బీబీ నాంచారమ్మ తమ యింటి యాడపడుచనియు, స్వామి తమ యల్లుడనియు వారి నమ్మకము. బెల్లము, చింతపండు చేతబట్టుకొని వచ్చి వియ్యంకుల మర్యాదతో కానుక లర్పింతురు. అదే కడపలో అమీన్‌పీరు దర్గాకు హిందువులు మ్రొక్కులు తీర్చుకొనపోదురు. పండితులు శాస్త్రప్రమాణము లడుగవచ్చును. సామాన్య ప్రజలు మాత్రము ఇట్టి వాడుకలతోనే శతాబ్దులుగా కాపురము చేసికొనుచున్నారు.

ఇక నీ కట్టడముల నేటి దురవస్థను గూర్చి చెప్పక విధిలేదు. రాయలసీమ కోటలకు శత్రుసేనలకంటె గుప్తనిధుల వేటగాండ్రు ఎక్కువ కీడు చేయుచున్నారు. గుడిలో పీఠము క్రిందను, గోరీలో బండ క్రిందను సొమ్మున్నదని రాత్రివేళ త్రవ్వు వానికి మతభేదము లేదు. రెండవ శత్రువు ప్రేమికుల మేకు. ఏ గోడ చూచినను పేర్లే. మూడవ శత్రువు మంచిమనస్సుతో వచ్చును: అది సిమెంటు. పాతగోడలు గానుగసున్నముతో కట్టినవి. ఇసుకతో సున్నమును గానుగలో మెత్తగా నూరి, బెల్లపునీరు, కరక్కాయ రసము చేర్చి వాడెడివారు. ఆ సున్నపుగోడ తేమను పీల్చి మరల విడుచును, వేడికి కొంచెము సాగును. దానిమీద సిమెంటు పూసినచో తేమ లోపలనే చిక్కి, ఇటుక పొడియై రాలును. భక్తితో చేసిన మరామత్తు కొన్నియేండ్లకే పగుళ్లుగా బయటపడును. ఆ సున్నపుపని తెలిసిన మేస్త్రీలు నేడు వ్రేళ్లమీద లెక్కింపదగినంతమంది మిగిలిరి. వారి విద్య వారితో పోకుండ యువకులకు నేర్పుట కోటలను కాపాడుటలో మొదటి పని.

చట్టము లేదని చెప్ప వీలులేదు. 1904లో కర్జను కాలమున పుట్టిన పురాతన కట్టడముల శాసనమునకు బదులు స్వతంత్ర భారతమున 1958లో క్రొత్త శాసనము వచ్చినది. రక్షిత కట్టడమును పాడుచేసినవానికి రెండేండ్ల కారాగారము, లక్షరూపాయల జుల్మానా విధింపవచ్చునని 2010లో సవరించిరి. రాజ్యాంగపు 49వ అధికరణము జాతీయ ప్రాముఖ్యముగల కట్టడముల రక్షణమును ప్రభుత్వముపై నుంచినది. 1976లో చేర్చిన 51ఎ అధికరణము, మన సమ్మిశ్ర సంస్కృతిని గౌరవించి కాపాడుట ప్రతి పౌరుని విధియని చెప్పుచున్నది. కాని కాగితముమీది చట్టము కోటగుమ్మమున కాపలా కాయదు. ఊరివారి కన్నే కాపలా కాయవలెను. కోటప్రక్కన పొలముగల రైతు, రాత్రి పలుగుచప్పుడు వినినపుడు దుప్పటి కప్పుకొని పండుకొనక ఊరిని లేపవలెను. పట్టణపు పెద్దలు తమ పిల్లలను తిరుపతికి తీసికొనివచ్చినపుడు ఒక్కపూట చంద్రగిరికి, ఒక్కదినము గుర్రంకొండకు కేటాయింపవలెను. ప్రార్థన జరుగు మసీదునకు పోయినచో శుక్రవారపు మధ్యాహ్నమును, నమాజు వేళలను తప్పించి, ముతవల్లీ యనుమతి యడిగి, చెప్పులు విడిచి, చూపును తగ్గించి చూడవలెను. మన గుడికి వచ్చు అన్యమతస్థునినుండి మనము కోరు మర్యాదనే మనము చూపవలెను. అంతకు మించి వేరు విద్య యక్కరలేదు.

చంద్రగిరిలో మేము ఆ వృద్ధునితో ఇన్ని మాటలు చెప్పలేదు. మీదేయూరని యడిగితిమి. పీలేరు ప్రక్కనుండి వచ్చితిననియు, మామిడితోట కలదనియు చెప్పెను. "మీ తోటలోని చెట్లు విత్తనపు చెట్లా, అంట్లా?" అని యడిగితిమి. "అంట్లే సామీ. నాటుమామిడి మొక్కకు బేనీషా అంటు గట్టినా" అనెను. "అయితే యా పండు నాటుమొక్కదా, అంటుదా?" అని మేమడిగితిమి.

ఆయన క్షణకాలము మావైపు చూచి, పిమ్మట రాజమహలు కమానులవైపు చూచి నవ్వెను. "అంటు యాడినుంచి తెస్తేనేమి సామీ? వేరు మాదే, నీళ్లు మావే, కాపు మా తోపులో గదా" అనుచు, మనుమని చేయి పట్టుకొని లోపలికి నడిచెను.

ఆ మాటతో మా ప్రశ్న తీరినది, మా విధి మాత్రము తీరలేదు. కాపు మనదని చెప్పుకొన్నంత మాత్రమున చెట్టు బ్రదుకదు. నీరు పోయువారు కావలెను, కంచె వేయువారు కావలెను, గొడ్డలి పట్టుకొని వచ్చువానిని గదుమువారు కావలెను. తెలుగుదేశపు గుళ్లును, మసీదులును, మహలులును, గోరీలును ఆ తోపులోని చెట్లే. ఆ పని చేయు చేతులకై యవి నేడు ఎదురుచూచుచున్నవి.